నా చేతి వంటే మా ఆయనకు పుండు చేసిందా?

పల్నాడు నుంచి ఒక సోదరి ఐదు పేజీల ఉత్తరం రాశారు. పేరూ ఊరూ వేయొద్దన్నారు. ఆమెకు 38 ఏళ్ళు, ఇంటర్ దాకా చదివారు, ఇంట్లోనే మిషన్ కుడతారు. భర్తకు 45. మిర్చి టిక్కీలు, అంటే బస్తాలు, మోసే హమాలీ పని. ఇద్దరు పిల్లలు, అత్తగారు, అంతా కలిసే ఉంటారు. ఆయనకు నడుము నొప్పి చాలా ఏళ్ళుగా ఉంది. ఏడాది నుంచి కడుపులో మంట మొదలైంది. అర్ధరాత్రి లేచి సోడానో, చల్లటి పాలో తాగి మళ్ళీ పడుకునేవారు. గ్యాస్ అనుకుని ఊరుకున్నారు. రెండు నెలల కిందట మోషన్ తారులా నల్లగా వచ్చింది. మర్నాడు కళ్ళు తిరిగి పడిపోయారు. గుంటూరు తీసుకెళ్తే ఎండోస్కోపీ చేసి, కడుపులో పుండు ఉందని, దానితో పాటు బ్యాక్టీరియా కూడా ఉందని చెప్పి 14 రోజులకు మందులు రాశారు. నోరంతా చేదుగా ఉందని, విరేచనాలు అవుతున్నాయని ఆయన ఐదో రోజే ఆపేశారు. నొప్పి తగ్గింది కదా అని మళ్ళీ పనిలోకి వెళ్ళారు.

ఆమె అసలు బాధ ఆమె మాటల్లోనే: “ఆసుపత్రి నుంచి వచ్చిన రోజే మా అత్తయ్య అరుగు మీద కూర్చుని నలుగురి ముందూ, దీని చేతి కారమే నా కొడుకు కడుపు కాల్చింది అంది. మా ఆడపడుచు ఫోన్ చేసి, నువ్వు రోజూ గొడవపడి టెన్షన్ పెట్టబట్టే అన్నయ్యకు అల్సర్ వచ్చింది అంది. డబ్బు దగ్గర మేం గొడవపడే మాట నిజమే. అప్పటి నుంచి ఆయనకు చప్పిడి కూడు, పాలు. పిల్లలకు కూడా పచ్చడి చేయడం మానేశాను. రోటి దగ్గర కూర్చుంటే చేతులు వణుకుతున్నాయి. పోయిన వారం చొక్కా ఉతకబోతే జేబులో నొప్పి మాత్రల షీటు దొరికింది. పదింట్లో మూడే మిగిలాయి. రాత్రిళ్ళు మళ్ళీ నొప్పి అంటున్నారు. మెట్లెక్కితే ఆయాసపడుతున్నారు. ఈ జబ్బు తెచ్చింది నేనేనా? కొన్నాళ్ళు పుట్టింటికి వెళ్ళిపోతే ఆయనకు నయమవుతుందా? పిల్లలు ఆయన కంచంలోనే తింటారు, వాళ్ళకూ అంటుకుంటుందా?”

సంతకం పెట్టాక, కింద చిన్న అక్షరాలతో ఇంకో వాక్యం ఉంది: “మా మామగారు కూడా కడుపులో గడ్డ వచ్చే పోయారు. అప్పుడు మా ఆయనకు పద్నాలుగేళ్ళు.”

అమ్మా,

మీ ఉత్తరంలో ఆయాసం అన్న మాట చూశాక ఇది అచ్చయ్యేదాకా ఆగలేకపోయాం. మీరిచ్చిన నంబరుకు ఫోన్ చేయించాం. ఆ చెప్పిన మాటే ఇక్కడ మిగతావాళ్ళ కోసం కూడా రాస్తున్నాను. కడుపులో కారిన రక్తం కిందికి దిగేలోపు నల్లబడుతుంది. మోషన్ తారులా జిగటగా, భరించలేని వాసనతో వచ్చేది అందుకే. ఐరన్ మాత్రలు వేసుకున్నా రంగు నల్లగా మారుతుంది, కానీ ఆ జిగట, ఆ వాసన ఉండవు. పుండు నుంచి రక్తం కొద్దికొద్దిగా కారుతుంటే అది కంటికి కనపడకపోవచ్చు. నీరసం, మెట్లెక్కితే ఆయాసం, పాలిపోయిన ముఖం, ముందు బయటపడేవి ఇవే. కాబట్టి ఆయనకు హిమోగ్లోబిన్ పరీక్ష వెంటనే చేయించండి, రేపు మాపు అనొద్దు. మళ్ళీ నల్లగా వచ్చినా, కాఫీ పొడి కలిసిన నీళ్ళలా వాంతి అయినా, కళ్ళు తిరిగి పడినా, కడుపు ఉన్నట్టుండి చెక్కలా బిగుసుకుని ఓర్చుకోలేని నొప్పి వచ్చినా 108కి ఫోన్ చేయండి. అర్ధరాత్రయినా సరే, తెల్లారాక చూద్దాం అనుకోవద్దు.

ఇక మీరడిగిన ప్రశ్న. నేనేనా అన్నారు. కాదమ్మా. మీ కారం వల్ల రాలేదు, మీ గొడవల వల్లా రాలేదు. మిమ్మల్ని ఊరడించడానికి అంటున్న మాట కాదు. ఎందుకు కాదో వివరంగా చెప్తాను, ఎందుకంటే ఈ మాట మీరు రేపు ఇంట్లో ఇంకొకరికి చెప్పాల్సి ఉంటుంది.

మన కడుపులో ఊరే ఆమ్లం చాలా ఘాటైనది. మాంసం ముక్కను అరిగించే ఆ ఆమ్లం కడుపు గోడను అరిగించకుండా, లోపలంతా జిగురు లాంటి పొర ఒకటి కాపాడుతూ ఉంటుంది. ఆ పొర ఎక్కడ పల్చబడితే అక్కడ ఆమ్లం గోడను తాకుతుంది, పుండు పడుతుంది. ఆ పొరను పాడుచేసే వాటిలో ముఖ్యమైనవి రెండు. ఒకటి హెలికోబ్యాక్టర్ పైలోరీ అనే బ్యాక్టీరియా, రెండోది నొప్పి మాత్రలు. ఎక్కువ పుళ్ళ వెనక వీటిలో ఒకటో, రెండూనో ఉంటాయనే అనుభవంతో మేం ముందు ఈ రెండింటినే వెతుకుతాం. మీ ఆయనకు రెండూ ఉన్నాయి.

కారం వల్ల, దిగులు వల్ల అల్సర్ వస్తుందని మీ అత్తగారు తన బుర్రలోంచి పుట్టించిన మాట కాదు. మా ముందు తరం డాక్టర్లు దశాబ్దాల పాటు అదే చెప్పారు. 1915లో అమెరికాలో సిప్పీ అనే డాక్టరు అల్సర్ రోగులకు గంటగంటకూ పాలు, మీగడ పట్టించే పథ్యం పెట్టాడు. అది ఎన్నో ఏళ్ళు ప్రపంచమంతా నడిచింది. మీరిప్పుడు ఆయనకు పడుతున్న పాలు ఆ పాత పథ్యానికి మిగిలిపోయిన తోకే. పాలు తాగగానే మంట చల్లారుతుంది, కానీ కాసేపటికి అవే ఆమ్లాన్ని ఇంకా ఊరిస్తాయి. అర్ధరాత్రి పాలు తాగి పడుకున్న మనిషి మళ్ళీ లేచి కూర్చునేది అందుకే.

ఆ నమ్మకం తలకిందులైంది ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరంలో. అక్కడ రాబిన్ వారెన్ అనే డాక్టరు రోగుల కడుపు గోడ నుంచి తీసిన ముక్కలను మైక్రోస్కోప్ కింద చూస్తుంటే వంకర తిరిగిన బ్యాక్టీరియా కనిపించింది. అంత ఆమ్లంలో ఏ క్రిమీ బతకదని అందరూ కొట్టిపారేశారు. బ్యారీ మార్షల్ అనే కుర్ర డాక్టరు ఆయనతో కలిశాడు. ఆ క్రిమిని బయట పెంచాలని ఎన్నిసార్లు చూసినా పెరగలేదు. రెండు రోజులు చూసి, క్రిమిని పెంచే పళ్ళేలు పారేసేవారు. 1982లో ఈస్టర్ సెలవులు రావడంతో పళ్ళేలు ఐదారు రోజులు అలాగే ఉండిపోయాయి. తిరిగొచ్చి చూస్తే క్రిమి పెరిగి ఉంది. అప్పటికీ ఎవరూ నమ్మకపోతే, 1984లో మార్షల్ ఆ క్రిమి కలిపిన ద్రావకాన్ని తానే గటగటా తాగేశాడు. కొద్ది రోజుల్లోనే వాంతులు, నోటి దుర్వాసన. ఎండోస్కోపీ చేయించుకుంటే, అంతకుముందు బాగున్న కడుపు ఎర్రగా వాచిపోయి ఉంది. 2005లో ఆ ఇద్దరికీ నోబెల్ బహుమతి వచ్చింది. ఆ క్రిమి తన చుట్టూ అమోనియాను తయారు చేసుకుని ఆమ్లాన్ని విరగ్గొట్టుకుంటుంది, జిగురు పొరలో దూరి ఏళ్ళ తరబడి కాపురం ఉంటుంది.

అదే 1984లో ఢిల్లీ డాక్టర్లు కారం సంగతి తేల్చాలని చూశారు. చిన్నపేగు మొదట్లో అల్సర్ ఉన్నవాళ్ళను రెండు జట్లు చేసి, రెండు జట్లకూ ఒకే మందులు ఇచ్చారు. ఒక జట్టుకు మాత్రం రోజూ తిండితో పాటు 3 గ్రాముల ఎండుమిర్చి పొడి పెట్టారు. నాలుగు వారాల తర్వాత చూస్తే రెండు జట్లలోనూ పుళ్ళు ఒకేలా మానాయి. చేతి మీద దెబ్బ తగిలి ఉన్నప్పుడు కారం తగిలితే భగ్గుమంటుంది, ఆ దెబ్బ కారం వల్ల తగిలినట్టు కాదు కదా. మీ ఇంట్లో జరిగింది కూడా అంతే. పుండు ఉన్న కడుపులో మీ పచ్చడి మండింది. మండింది కాబట్టి నేరం దాని మీద పడింది.

టెన్షన్ మాటకొస్తే, దానికి అసలు సంబంధమే లేదని అబద్ధం చెప్పను. ఒళ్ళు బాగా కాలిపోయినవాళ్ళకు, ఐసీయూలో వెంటిలేటర్ మీద ఉన్నవాళ్ళకు శరీరానికి తగిలిన ఆ పెద్ద దెబ్బ వల్ల కడుపులో పుళ్ళు పడతాయి. మామూలు ఇంటి చికాకు అలాంటిది కాదు. చికాకులో ఉన్న మనిషికి నిద్ర పట్టదు, ఉన్న నొప్పి రెట్టింపు అనిపిస్తుంది, బీడీలు ఎక్కువ కాలుస్తాడు. బీడీలు రోజూ ఉన్నాయని, వారానికోసారి మద్యం తాగుతారని మీరే రాశారు. పొగ పుండును మాననివ్వదు, మానిన పుండును మళ్ళీ తిరగబెడుతుంది. గొడవలు తగ్గితే మీ ఇద్దరికీ మంచిదే, కానీ మీరు పుట్టింటికి వెళ్ళినంత మాత్రాన ఆయన కడుపులో క్రిమి చావదు, జేబులో షీటు మాయమవదు. పైగా ఆ షీటు చూసిన మనిషి ఆ ఇంట్లో మీరొక్కరే. మీకు విశ్రాంతి కావాలనిపిస్తే వెళ్ళండి, అది మీ హక్కు. ఆయన జబ్బుకు మందుగా మాత్రం వెళ్ళొద్దు.

రెండు నెలలుగా మీ ఇంట్లో అందరూ పొయ్యి వైపే చూస్తున్నారమ్మా. చొక్కా జేబు వైపు ఎవరూ చూడలేదు. నన్ను ఎక్కువ బాధపెట్టింది అదే.

డైక్లోఫినాక్, అసిక్లోఫినాక్, ఐబుప్రోఫెన్, నిమెసులైడ్, ఆస్పిరిన్, ఇవన్నీ ఒకే జాతి. మన ఒంట్లో ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాలు ఉంటాయి. దెబ్బ తగిలినచోట నొప్పి పుట్టించేవి అవే, కడుపులో జిగురు పొర ఊరేలా చూసేవీ అవే. నొప్పి మాత్ర ఆ రెంటినీ ఒకేసారి ఆపేస్తుంది. నడుము హాయిగా ఉంటుంది, కడుపు గోడ దిక్కులేనిదవుతుంది. ఆ నష్టం ఎక్కువగా రక్తంలోంచే జరుగుతుంది కాబట్టి అన్నం తిన్నాక వేసుకున్నా, మాత్ర మానేసి ఇంజక్షన్ చేయించుకున్నా కడుపు తప్పించుకోదు. మాత్ర పడదని ఆర్ఎంపీ దగ్గర నడుముకు ఇంజక్షన్ చేయించుకునేవాళ్ళను నేను ఎందరినో చూశాను.

ఆ షీటు పారేయకండి. వెనక చిన్న అక్షరాల్లో మందుల పేర్లు ఉంటాయి, చదవండి. పైన పారాసెటమాల్ అని ఉన్నా దాని పక్కన ప్లస్ గుర్తు పెట్టి అసిక్లోఫినాక్ అనో డైక్లోఫినాక్ అనో ఉంటుంది చాలాసార్లు. మెడికల్ షాపులో “నొప్పికి ఒకటివ్వు” అంటే చేతిలో పెట్టేవి ఎక్కువగా ఇలాంటివే. దాన్ని డాక్టరుకు చూపించండి. హమాలీ పని చేసేవాళ్ళు మాత్రల సంగతి డాక్టరు అడిగితే “అప్పుడప్పుడండీ” అంటారు. పదింట్లో ఏడు అయిపోయిన షీటు నిజం చెప్తుంది.

అయితే దాన్ని ఆయన ముఖాన కొట్టినట్టు చూపిస్తే రేపటి నుంచి ఇంకో చోట దాచుకుంటారు, అంతే. ఆయన సరదాకి మింగడం లేదు. రోజంతా బస్తాలు మోసిన నడుము అది. మాత్ర లేకపోతే మర్నాడు లేవలేరు, లేవకపోతే కూలి లేదు. “ఇది మానెయ్” అంటే ఆయనకు “పని మానెయ్” అన్నట్టే వినిపిస్తుంది. అందుకని ఇక్కడ తేలికైన దారి ఏదీ లేదు. పుండు మానేదాకా, అంటే ఎనిమిది వారాలో అంతకు కాస్త ఎక్కువో, బరువులు ఎత్తని పని చూసుకోవడం ఒక దారి. మేస్త్రీతో మాట్లాడితే కాటా దగ్గరో, బస్తాలు కుట్టే దగ్గరో పెట్టొచ్చు. కూలి తగ్గుతుంది, ఆ లోటు మీ మిషన్ మీద పడుతుంది, డబ్బు గొడవలు పెరగొచ్చు. అది ముందే తెలిసి దిగండి. ఒట్టి పారాసెటమాల్ మాత్రమే డాక్టరు చెప్పిన లెక్కలో వాడుకుంటూ, ఎముకల డాక్టరుకు చూపించి ఫిజియోథెరపీ చేయించడం ఇంకోటి. నొప్పి పూర్తిగా పోదు, కడుపుకు మాత్రం ముప్పు చాలా తక్కువ. కాకపోతే తాగే అలవాటు ఉన్నవాళ్ళకు పారాసెటమాల్ ఎక్కువైతే కాలేయానికి దెబ్బ, ఆ సంగతి డాక్టరుకు దాచొద్దు. పుండు మానాక కూడా ఘాటు మాత్రలు లేకుండా గడవదు అనుకుంటే, ఏ రకం, ఎన్ని రోజులు, దానితో పాటు ఆమ్లం తగ్గించే మాత్ర ఏది అన్నది డాక్టరే రాయాలి. ఆ తోడు మాత్ర ముప్పును తగ్గిస్తుంది గానీ పూర్తిగా తీసేయదు. ఇప్పుడు ఉన్నట్టే కానిస్తే ఏమవుతుందో మీరు రెండు నెలల కిందట కళ్ళారా చూశారు.

మధ్యలో ఆపేసిన 14 రోజుల కోర్సు సంగతి. మిగిలిన మాత్రలు ఇంట్లో ఉన్నాయి, వేసేయమంటారా అని అడిగారు. వద్దు. ఐదు రోజుల మందుకు కొన్ని క్రిములు చచ్చి, గట్టివి మిగిలి ఉండొచ్చు. మన దేశంలో ఈ క్రిమి కొన్ని యాంటీబయాటిక్స్‌కు ఇప్పటికే మొండికేస్తోంది. ఆ డాక్టరు దగ్గరికే వెళ్ళి “ఐదో రోజు ఆపేశాం” అని నిజం చెప్పండి, తిడితే పడండి. ఆయన ఈసారి వేరే మందులు కలిపి రాయొచ్చు. నోరు చేదుగా ఉండటం ఆ మందుల్లో కొన్నిటి గుణం, కోర్సు అయ్యాక పోతుంది. విరేచనాలు కొద్దిగా అయితే ఓర్చుకోవచ్చు, ఎక్కువైతే ఫోన్ చేసి అడగాలి తప్ప సొంతంగా ఆపకూడదు. ఈసారి రాసినవాటిలో మెట్రోనిడజోల్ ఉంటే ఆ రోజుల్లో, ఆ తర్వాత మూడు రోజుల దాకా మద్యం ముట్టకూడదు. ముడితే వాంతులు, గుండె దడ రావొచ్చు. ఆయన అది మందు పడలేదనుకుని మళ్ళీ ఆపేస్తారని నా భయం. ఆమ్లం తగ్గించే మాత్ర పరగడుపున, తిండికి అరగంట ముందు వేసుకుంటేనే సరిగ్గా పనిచేస్తుంది. కోర్సు అయ్యాక కనీసం నాలుగు వారాలు ఆగి, క్రిమి పోయిందో లేదో మలపరీక్షతోనో, ఊపిరి పరీక్షతోనో చూస్తారు. దానికి రెండు వారాల ముందు ఆమ్లం మాత్ర ఆపమంటారు, వాళ్ళు చెప్పినప్పుడే ఆపండి. ఖర్చు భయమైతే జీజీహెచ్ లాంటి పెద్ద ప్రభుత్వ ఆసుపత్రికి పాత ఎండోస్కోపీ కాగితాలు పట్టుకుని వెళ్ళండి. రద్దీ ఉంటుంది, ఒక రోజు కూలి పోతుంది, వైద్యం మాత్రం అదే.

ఇప్పుడు మీరు సంతకం కింద రాసిన ఆ ఒక్క వాక్యం. మీ ఉత్తరం మొత్తంలో డాక్టరు చెవిన పడాల్సింది అదే, మీరు దాన్ని అన్నిటికన్నా చివర రాశారు. మామగారి కడుపులో గడ్డ అంటే క్యాన్సర్ అయి ఉండొచ్చు, కాకపోనూవచ్చు, ఇప్పుడు తెలుసుకునే దారి లేదు. కానీ ఈ క్రిమిని 1994లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం క్యాన్సర్ కారకాల జాబితాలో చేర్చింది. క్రిమి ఉన్న అందరికీ క్యాన్సర్ వస్తుందని కాదు. మన దేశంలో పెద్దవాళ్ళలో సగం మందికి పైగా ఇది ఉంటుంది, ఎక్కువమందికి జీవితాంతం ఏమీ కాదు. తండ్రికి అలా జరిగిన మనిషికి మాత్రం క్రిమిని వదిలేయకూడదు. పుండు ఉన్నది కడుపులోనే కాబట్టి, అక్కడి నుంచి ముక్క తీసి పరీక్షకు పంపారా అని అడగండి. రెండు మూడు నెలలకు మళ్ళీ ఎండోస్కోపీ చేసి పూర్తిగా మానిందో లేదో చూడాలా అని అడగండి. మామూలుగా చూడాలనే అంటారు.

ఆ వాక్యం చదివాక మీ అత్తగారి మాట నాకు వేరేగా వినిపించింది. భర్తను కడుపు జబ్బుతో పోగొట్టుకుని, పద్నాలుగేళ్ళ కొడుకును పెట్టుకుని బతికిన మనిషి. ఇప్పుడు అదే కొడుకు అదే కడుపు పట్టుకుని పడిపోయాడు. ఆవిడకు ఒక కారణం కావాలి, కళ్ళెదుట ఉన్నది మీ పొయ్యి. నలుగురిలో మిమ్మల్ని అలా అనడం తప్పే. మీరు ఎదురు తిరిగి అడగొచ్చు, అడిగితే కొన్నాళ్ళు ఇల్లు ఇంకా వేడెక్కుతుంది. పట్టించుకోకుండా ఊరుకోవచ్చు, ఊరుకుంటే ఆ మాట మీలోనే కుళ్ళుతుంది, ఇప్పటికే చేతులు వణుకుతున్నాయి. నాకు తోచేది ఇంకోటి ఉంది. ఈసారి ఆసుపత్రికి ఆవిడను కూడా వెంట తీసుకెళ్ళండి. మామగారి జబ్బు ఎలా మొదలైందో డాక్టరుకు ఆవిడ చేతే చెప్పించండి, ఆ ఇంట్లో అది తెలిసింది ఆవిడకొక్కరికే. పుండు ఎందుకు వచ్చిందో డాక్టరు నోటి నుంచి ఆవిడ వినాలి. కోడలు చెప్తే సాకులా వినిపించే మాట అక్కడ అలా వినిపించదు. మందులు 14 రోజులూ మింగించే పని ఆవిడకే అప్పగించవచ్చు కూడా. మీ ఆయన మీ మాట కాదనవచ్చేమో గానీ, తల్లి మాత్ర చేతిలో పెట్టి ఎదురుగా నిలబడితే మింగక తప్పదు. ఒప్పుకోకపోతే మీ ప్రయత్నం మీరు చేసినట్టు, అంతకు మించి ఆవిడ బరువు మీరు మోయక్కర్లేదు.

పిల్లల విషయంలో మరీ కంగారు వద్దు. ఈ క్రిమి ఎక్కువగా చిన్నతనంలోనే, ఇంట్లోవాళ్ళ నుంచే సోకుతుంది. నోటి ద్వారా, శుభ్రంగా లేని నీళ్ళ ద్వారా, చేతుల ద్వారా. ఎవరి కంచం వాళ్ళకు పెట్టండి, తాగే నీళ్ళు జాగ్రత్తగా చూసుకోండి, చేతులు సబ్బుతో కడిగించండి. ఏ బాధా లేని పిల్లలకు పరీక్షలు చేయించి మందులు మింగించాల్సిన పని లేదు.

చివరి పేజీలో మూలగా, గోంగూర పచ్చడి మళ్ళీ చేసుకోవచ్చా అని రాశారు. చేయండి. పిల్లలకు పెట్టండి, మీరూ కడుపునిండా తినండి. ఆయనకు పుండు మానేదాకా ఏది తింటే మండుతుందో అది ఆయనే పక్కన పెడతారు, మిగతాది ఇంట్లో అందరితో పాటే. చప్పిడి కూడు తిని తిని బరువు తగ్గారని రాశారు, పుండు మానాలంటే ఒంట్లో బలం ఉండాలి. పప్పు, గుడ్డు, కూర, కాస్త తక్కువ కారంతో పచ్చడి, చివర మజ్జిగ అన్నం పెట్టండి. పచ్చడి మండితే ఆ పూటకు ఆపి, రెండు వారాల తర్వాత మళ్ళీ ఒక ముద్దలో కలిపి చూడమనండి.